ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయి రివ్యూ: చలికి తట్టుకుంటుంది, కానీ హోస్ పైపు ఊడదీస్తేనే

ముందే చెప్పేస్తున్నాను, ఈ కుళాయి బాగుంది. మంచు పడే చోట ఇల్లున్నవాళ్లు పాత రకం తీసేసి నిశ్చింతగా ఇది పెట్టించుకోవచ్చు. మా ఇంటి బయటి గోడకి ఉన్న మామూలు కుళాయి ఒక చలికాలంలో పగిలింది, దాని స్థానంలో 12 అంగుళాల పొడవున్న ఫ్రాస్ట్ ఫ్రీ రకం, అంటే చలికి గడ్డకట్టకుండా చేసినది, పెట్టించాను, గట్టి చలే చూసింది, ఇంతవరకు చుక్క కారలేదు. అయితే అట్టపెట్టె మీద ‘గడ్డకట్టదు’ అని పెద్ద అక్షరాలతో ఉన్న మాటని నమ్మి దాని మానాన దాన్ని వదిలేస్తే మాత్రం ఇది కూడా పగులుతుంది. పైగా పాతది పగిలితే బయట కనబడుతుంది, ఇది పగిలితే గోడ లోపల పగులుతుంది. అందుకే రివ్యూ కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, వస్తువు గురించి ఎంత చెప్తానో చలికాలంలో బయటి కుళాయిలకి వచ్చే తిప్పల గురించీ అంతే చెప్తాను. ఆ తిప్పలేమిటో తెలియకపోతే ఇది ఎందుకు కొనాలో, కొన్నాక ఎలా వాడాలో అర్థం కాదు.

ఇది పనిచేసే తీరు చాలా సింపుల్. మామూలు కుళాయిలో నీళ్లని ఆపే వాషర్ హ్యాండిల్ పక్కనే, అంటే గోడకి బయటే ఉంటుంది. మీరు కట్టేశాక కూడా నీళ్లు ఆ చివరిదాకా వచ్చి చలిలో నిలబడి ఉంటాయి. ఫ్రాస్ట్ ఫ్రీ దాంట్లో హ్యాండిల్ బయట ఉంటుంది గానీ స్పిండిల్, అంటే హ్యాండిల్‌తో పాటు తిరిగే కడ్డీ, పొడుగ్గా గోడలోంచి లోపలికి పోతుంది, వాషరూ అది ఆనుకునే సీటూ ఇంటి వెచ్చని భాగంలో ఉంటాయి. బయట తిప్పితే నీళ్లు లోపల ఆగుతాయి. సీటుకీ కుళాయి మూతికీ మధ్య గొట్టంలో మిగిలిన నీళ్లు వాటంతటవే బయటికి కారిపోతాయి, గొట్టం ఖాళీ అవుతుంది, గడ్డకట్టడానికి అందులో ఏమీ ఉండదు. హీటర్ లేదు, కరెంటు లేదు, ప్రత్యేకమైన లోహమూ కాదు, ఇత్తడీ రాగే. మొత్తం ఆధారపడేది ఆ గొట్టం ఖాళీ అవడం మీద. ఈ ఒక్క ముక్క గుర్తుంటే కింద రాసినవన్నీ మీరే ఊహించగలరు.

కొనేటప్పుడు పొడవు దగ్గర రాజీ పడొద్దు. ఇవి 4 అంగుళాల నుంచి 14 అంగుళాల దాకా దొరుకుతాయి. గోడ బయటి ముఖం నుంచి కొలిస్తే సీటున్న చివర గోడ మందాన్నీ చలి ఆపడానికి గోడలో పెట్టే ఇన్సులేషన్‌నీ దాటి ఇంట్లో వేడి తగిలే చోటికి చేరాలి. 8 అంగుళాల గోడకి 6 అంగుళాల కుళాయి తెచ్చి బిగిస్తే సీటు గోడ మధ్యలో చలిలోనే ఉండిపోతుంది, పేరుకే ఫ్రాస్ట్ ఫ్రీ, పని మాత్రం మామూలు కుళాయిదే. పాతది కూడా ఈ రకమే అయితే దాన్ని బయటికి లాగి కొలిచి అంతే పొడవున్నది తెచ్చుకోండి, లోపలి పైపు కోసి అతికే పని తప్పుతుంది. ఇన్సులేషన్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అది పైపుకీ బయటి చలికీ మధ్య ఉండాలి. చాలాచోట్ల పైపు కనబడకుండా లోపలివైపే దట్టంగా కూరేస్తారు, దాంతో గదిలో వేడి పైపుకి అందకుండా పోతుంది, పైపు చలివైపు ఉండిపోతుంది. ఇంత ఖర్చు పెట్టి మంచి కుళాయి తెచ్చి ఇలా చేస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

అసలు పైపు ఎందుకు పగులుతుందో ఒకసారి చూద్దాం. నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి. ఇది చాలామందికి తెలిసిందే, కానీ మంచుగడ్డ ఉన్నచోటే పైపు చీలుతుందని అనుకుంటారు. చాలాసార్లు అలా జరగదు. పైపులో ఒకచోట గడ్డ అడ్డం పడితే, అది పెరిగేకొద్దీ అవతల మూసి ఉన్న కుళాయి వైపు మిగిలిన నీళ్లని నెడుతుంది, వాటికి పోయే దారి లేదు, ఒత్తిడి పెరిగి పెరిగి ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీలుస్తుంది. వెనక్కి మెయిన్ లైన్ వైపు నెట్టిన నీళ్లకి సర్దుకోవడానికి చోటుంటుంది కాబట్టి అటు అంత ఒత్తిడి రాదు. అంటే మనం చేయాల్సిందల్లా గడ్డకీ మూసిన చివరకీ మధ్య నీళ్లు ఇరుక్కోకుండా చూడడం. గోడల్లోంచి పోయే పైపులకి బయట మైనస్ 7 డిగ్రీల సెల్సియస్ దగ్గర నుంచి జాగ్రత్తపడాలని మామూలుగా చెప్తారు. బయట పూర్తిగా చలికి తెరుచుకుని ఉన్న కుళాయి అంతకన్నా ముందే గడ్డకట్టొచ్చు. గాలి వీస్తే ఇంకా త్వరగా గడ్డకడుతుంది. గాలి వల్ల పైపు బయటి చలి కన్నా ఎక్కువ చల్లబడదు గానీ, ఉన్న వేడి మాత్రం చాలా వేగంగా పోతుంది, అందుకే కుళాయి గోడలోకి దూరే రంధ్రం చుట్టూ సందు ఉంటే దాన్ని సీలెంట్‌తో మూసేయాలి. చిన్న సందే కదా అని వదిలేయకండి, గాలి నేరుగా పైపు మీదికే కొడుతుంది.

ఇక హోస్ పైపు. నా దృష్టిలో ఈ కుళాయికి ఉన్న ఒకే ఒక్క నిజమైన శత్రువు అదే. చలికాలం మొదలయ్యాక కూడా హోస్ పైపు తగిలించే ఉంచారనుకోండి, కుళాయి కట్టేసినా గొట్టంలో నీళ్లు బయటికి కారవు, అవతల హోస్ పైపు నిండా నీళ్లున్నాయి, దాని చివర నాజిల్ మూసి ఉంది, గాలి లోపలికి రావడానికి దారి లేదు. గొట్టం నిండుగానే ఉండిపోతుంది. ఆ రాత్రి చలికి బయటి మూతి దగ్గర ముందుగా గడ్డకడుతుంది, ఆ గడ్డ లోపలికి పెరుగుతుంది, దానికీ మూసి ఉన్న సీటుకీ మధ్య నీళ్లు ఇరుక్కుంటాయి, గొట్టం చీలుతుంది. చీలేది సాధారణంగా గోడ లోపలి భాగంలోనే. చలికాలమంతా ఇది మీకు తెలియదు, ఎందుకంటే చీలిక సీటుకి బయటివైపు ఉంది, సీటు మూసి ఉన్నంతకాలం అక్కడికి నీళ్లే రావు. చలి తగ్గాక మొక్కలకి నీళ్లు పెడదామని కుళాయి తిప్పినప్పుడు బయట ధార వస్తుంది, అదే సమయంలో గోడ లోపల కూడా ధార కడుతుంది. బయట నిలబడ్డ మనిషికి ఏమీ కనబడదు.

హోస్ పైపొక్కటే కాదు, రెండు మూతుల స్ప్లిటర్, నీళ్ల టైమర్, క్విక్ కనెక్టర్, ఏది బిగించి ఉన్నా ఇదే కథ. ముఖ్యంగా స్ప్లిటర్‌ని చాలామంది కుళాయిలో భాగం అనుకుని వదిలేస్తారు. దాని రెండు చిన్న వాల్వులూ మూసి ఉంటే గొట్టానికి బిరడా పెట్టినట్టే. అన్నీ ఊడదీయండి. కొన్ని మోడళ్లలో, ఉదాహరణకి ఉడ్‌ఫోర్డ్ కంపెనీ మోడల్ 19లో, హోస్ పైపు మరిచిపోయినా పగలకుండా ఒత్తిడిని వదిలే చిన్న రిలీఫ్ వాల్వ్ లోపలే పెట్టారు. ఇంట్లో చాలామంది కుళాయి వాడే చోట, అద్దెకిచ్చిన ఇళ్లలో అలాంటిది తీసుకోవడం మంచి ఆలోచన. నేను కొన్నదాంట్లో అది లేదు, కాబట్టి హోస్ పైపు తీయడం నా బాధ్యత.

రెండో విషయం వాలు. కుళాయి బయటివైపుకి కొద్దిగా కిందికి వాలి ఉండాలి, 5 డిగ్రీలు చాలు, అప్పుడే మిగిలిన నీళ్లు మూతి వైపు జారతాయి. నాకు బిగించడానికి వచ్చిన ప్లంబర్ పనిమంతుడే, కానీ నీట్‌గా కనబడాలని స్పిరిట్ లెవెల్ పెట్టి తిన్నగా బిగించబోయాడు. పెట్టెలో వచ్చిన, ఒక అంచు మందంగా ఇంకో అంచు పల్చగా ఉండే ప్లాస్టిక్ ముక్కని చూపించి అది ఫ్లాంజ్ (గోడకి ఆనుకుని స్క్రూలతో బిగించే పలక) వెనక పెట్టమని అడగాల్సి వచ్చింది, అది పెట్టాక వాలు సరిపోయింది. ఆ ముక్క ప్యాకింగ్ సామానులా ఉంటుంది, చెత్తలో పడేయకండి. గోడ వంకరగా ఉంటే ఆ ముక్క పెట్టినా కుళాయి లోపలివైపుకి వాలొచ్చు, కాబట్టి బిగించాక లెవెల్ పెట్టి మీరే చూసుకోండి. వాలు సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఇంకో తేలిక దారి కూడా ఉంది, కుళాయి తిప్పి కట్టేసి మూతి కింద చూడండి. కట్టేశాక కాసేపు చిన్న ధారగా, తర్వాత చుక్కలుగా నీళ్లు కారి ఆగిపోవాలి. ఏమీ కారకుండా టక్కున ఆగిపోయిందంటే సంతోషించకండి, నీళ్లు లోపలే ఉండిపోయాయని అర్థం.

ఈ కారడం గురించే కొన్నవాళ్లలో సగం మందికి టెన్షన్. కొత్త కుళాయి కట్టేశాక కూడా కారుతోంది, పాడైంది, తిరిగి ఇచ్చేయాలి అనుకుంటారు. కాదు, గొట్టం ఖాళీ అవుతోంది, అది అలా కారాలి. నిమిషమో రెండు నిమిషాలో కారి ఆగాలి. ఆగకుండా చుక్క చుక్క పడుతూనే ఉంటే మాత్రం అది వాషర్ అరిగిపోవడమో, సీటు మీద ఇసుక రేణువో తుప్పు పొట్టో కూర్చోవడమో. ముందు కుళాయి పూర్తిగా తిప్పి జోరుగా కాసేపు వదిలి కట్టేయండి, చెత్త కొట్టుకుపోతే ఆగిపోతుంది. ఆగకపోతే లోపలి వాల్వ్ (ఇంటి లోపల ఈ లైన్‌కి నీళ్లు ఆపేది) కట్టేసి హ్యాండిల్ తీసి, దాని వెనక స్పిండిల్ చుట్టూ ఉండే గ్లాండ్ నట్ విప్పి, స్పిండిల్ మొత్తం బయటికి లాగితే దాని చివర వాషర్ ఉంటుంది, స్క్రూ తీసి కొత్తది వేసుకోవచ్చు. చలికాలం రాకముందే ఈ పని చేయండి. ఎందుకంటే నిదానంగా పడే ఆ చుక్కే మూతి దగ్గర గడ్డకట్టి, దాని మీద ఇంకో చుక్క గడ్డకట్టి, మంచు వెనక్కి గొట్టంలోకి పెరుగుతూ పోతుంది, ఖాళీగా ఉండాల్సిన గొట్టం మెల్లగా నిండిపోతుంది. వాషర్ లీకని తేలిగ్గా తీసుకుంటే చివరికి కుళాయే మార్చాల్సి వస్తుంది.

అలాగే చలి రాత్రి ఇంట్లో కుళాయిలు సన్నగా వదలమని చెప్తారు కదా, ఆ సలహాని ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయికి వాడకండి. సన్నగా వదిలితే గొట్టంలో ఎప్పుడూ నీళ్లుంటాయి, మనం డబ్బు పెట్టింది అక్కడ నీళ్లు లేకుండా ఉండడానికి. ఇది లోపలి కుళాయిలకి పనికొచ్చే చిట్కా.

హ్యాండిల్ దగ్గర లీక్ వేరే సమస్య. కుళాయి తిప్పి ఉన్నప్పుడు హ్యాండిల్ వెనక నుంచి నీళ్లు కారితే గ్లాండ్ నట్ వదులైంది లేదా దాని కింద ఉన్న ప్యాకింగ్ ఎండిపోయింది. స్పానర్‌తో ఒక చుట్టులో ఎనిమిదో వంతు బిగించి చూడండి, చాలకపోతే ఇంకొంచెం. మరీ బిగిస్తే హ్యాండిల్ తిరగడమే కష్టమవుతుంది. గడ్డకట్టే చలిలో హ్యాండిల్ అసలు కదలకపోతే బలవంతంగా తిప్పొద్దు, లోపల మంచు పట్టి ఉంటుంది, స్పిండిల్ మెలిపడి విరుగుతుంది. వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ చుట్టి కాసేపు ఆగండి, అదే వదులవుతుంది.

పైన బొడిపెలా ఉండే ప్లాస్టిక్ మూతని చాలామంది అలంకారం అనుకుంటారు. అది వాక్యూమ్ బ్రేకర్. మెయిన్ లైన్‌లో ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతే హోస్ పైపులోని మురికినీళ్లు వెనక్కి పీల్చుకుని తాగేనీళ్లలో కలవకుండా ఇది గాలి లోపలికి వదిలి ఆపుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయిలకి ఏఎస్ఎస్ఈ 1019 అనే అమెరికా ప్రమాణం ఉంది, దానికి సరిపోయినవాటిలో ఇది కుళాయిలోనే భాగంగా వస్తుంది. తిప్పేటప్పుడు, కట్టేటప్పుడు దీనిలోంచి ఒక చిమ్ము వచ్చి ఆగిపోవడం మామూలే. కుళాయి తిప్పి ఉన్నంతసేపూ పైనుంచి ఊరుతూ ఉంటే మాత్రం లోపలి ప్లాస్టిక్ బిళ్ల చలికి పగిలింది లేదా రబ్బరు మీద చెత్త చేరింది. మూత లాగేసి లోపలి ముక్క విప్పి కడిగి పెట్టండి, పగిలి ఉంటే రిపేర్ కిట్ దొరుకుతుంది, మొత్తం కుళాయి మార్చక్కర్లేదు. ఇంకో రకం వాక్యూమ్ బ్రేకర్ విడిగా మూతికి బిగిస్తారు, మామూలు కుళాయిలకి పెట్టేది అదే. అందులో కొన్ని తనంతట తాను నీళ్లు వదలవు, కింద ఉన్న చిన్న పుల్లని లాగో నొక్కో నీళ్లు కారనివ్వాలి. ఆ పుల్ల సంగతి చెప్పేవాళ్లే ఉండరు, కుళాయి అంతా ఖాళీ చేశాం అనుకుంటారు, ఆ బ్రేకర్‌లో నీళ్లు ఆగి మూతి పగులుతుంది.

చలి పోయాక మొదటిసారి తిప్పేటప్పుడు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఇది ప్రతి ఇంట్లో చేయాలని నా గట్టి కోరిక. కుళాయి పూర్తిగా తిప్పి మూతిని బొటనవేలితో గట్టిగా మూయండి. మంచి ఒత్తిడి ఉన్న లైన్ అయితే వేలితో ఆపలేరు, పక్కల నుంచి చిమ్ముతుంది. తేలిగ్గా ఆగిపోయిందంటే ఒత్తిడి ఇంకెక్కడో పోతోంది, అంటే గోడలో చీలిక ఉన్నట్టు అనుమానించాలి, వెంటనే కట్టేయండి. ఇంకా నమ్మకమైన పద్ధతి, హోస్ పైపుకి నాజిల్ పెట్టి మూసేసి, కుళాయి తిప్పి, ఒకరు బయట ఉండగా ఇంకొకరు లోపల గోడ దగ్గర, బేస్‌మెంట్ ఉంటే అక్కడ పైపు దగ్గర టార్చి పట్టుకుని చూడడం. మూతి మూసి ఉంటే మొత్తం ఒత్తిడి గొట్టం మీద పడుతుంది కాబట్టి సన్నని చీలిక కూడా బయటపడుతుంది. ఊరికే మూతి తెరిచి చూస్తే నీళ్లన్నీ అటే పోయి చిన్న లీక్ తెలియకపోవచ్చు. ఇంట్లో నీళ్లన్నీ కట్టేసి మీటర్‌లో చిన్న త్రికోణమో చక్రమో తిరుగుతోందా అని చూడడం కూడా మంచిదే, కానీ గుర్తుంచుకోండి, ఈ చీలిక కుళాయి తిప్పి ఉన్నప్పుడే కారుతుంది, కట్టేసి మీటర్ చూస్తే అంతా బాగున్నట్టే కనబడుతుంది.

ఒకవేళ ఇప్పటికే గడ్డకట్టి ఉంటే? కుళాయి తిప్పితే ఏమీ రావడం లేదు, లేదా సన్నని దారంలా వస్తోంది, ఇంట్లో మిగతా కుళాయిలు బాగానే ఉన్నాయి, అప్పుడు ఈ లైన్‌లో మంచు ఉన్నట్టే. మొదట లోపలి వాల్వ్, అది లేకపోతే మెయిన్ వాల్వ్ ఎక్కడుందో చూసుకోండి. మంచు కరిగాకే లీక్ బయటపడుతుంది, ఆ క్షణంలో వాల్వ్ వెతుక్కోకూడదు. బయటి కుళాయిని తెరిచే ఉంచండి, కరిగిన నీళ్లకీ ఆవిరికీ దారి కావాలి. తర్వాత హెయిర్ డ్రయర్‌తోనో వేడినీళ్ల గుడ్డలతోనో కుళాయి మూతి నుంచి మొదలుపెట్టి గోడ వైపు వెళ్లండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీళ్లు రెండు గడ్డల మధ్య ఇరుక్కుంటాయి. బ్లో టార్చ్ లాంటి మంట దగ్గరికి తేవద్దు, గోడలోని చెక్క అంటుకుంటుంది, ప్లాస్టిక్ పైపు మెత్తబడుతుంది, మూసుకుపోయిన పైపులో నీళ్లు ఆవిరై పేలే ప్రమాదం కూడా ఉంది. డ్రయర్ వాడేటప్పుడు కింద నీళ్లు నిలిచి ఉన్నాయేమో చూసుకోండి, కరెంటుతో పని. మీ లైన్ పెక్స్ (వంగే ప్లాస్టిక్) పైపు అయితే అది కొంత సాగుతుంది కాబట్టి రాగి, సీపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపులంత తేలిగ్గా పగలదు. అలాగని అది గడ్డకట్టదని కాదు, దాని ఇత్తడి జాయింట్లు పగలొచ్చు.

దీంతోపాటు వాడి చూసిన మిగతా వస్తువుల గురించి కూడా. కుళాయి మీద తొడిగే ఫోమ్ కవర్ చవకైనదే, మామూలు కుళాయి ఉన్నవాళ్లకి కొంత ఉపయోగపడుతుంది. అది వేడి పుట్టించదు, గోడలోంచి వచ్చే కాస్త వేడిని కుళాయి చుట్టూ ఆపుతుంది, గాలి తగలకుండా చూస్తుంది, అంతకుమించి ఆశించకూడదు. గోడకి పూర్తిగా అతుక్కుని కూర్చుంటేనే లాభం, గరుకు గోడ మీద అంచుల్లో సందులు మిగిలితే దండగ. రోజుల తరబడి గట్టి చలి ఉంటే ఒక్క కవర్ సరిపోదు. ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయికి ఇది ఉంటే మంచిదే, లేకపోయినా నష్టం లేదు. హోస్ పైపు తీయకుండా పైన కవర్ తొడగడం మాత్రం శుద్ధ దండగ.

హీట్ కేబుల్ గురించి నాకు అంత మంచి అభిప్రాయం లేదు. బయటి గోడ వెంట పైపు చాలాదూరం చలిలో పోతోంది, మార్చడానికి వీల్లేదు అన్నప్పుడు తప్పదు. తీసుకుంటే సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకం తీసుకోండి, చలిని బట్టి దానంతట అదే వేడి పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. స్థిరంగా వేడెక్కే రకాన్ని ఒకదాని మీద ఒకటి పడేలా చుడితే అక్కడ కాలిపోతుంది. షాక్ కొట్టకుండా కరెంటు ఆపే రక్షణ ఉన్న ప్లగ్‌కే పెట్టాలి. అయితే మంచు తుఫాను వచ్చి కరెంటు పోయే రాత్రే ఇది అవసరం, ఆ రాత్రే ఇది పనిచేయదు. నాకు ఇదే నచ్చని విషయం. ఫ్రాస్ట్ ఫ్రీ కుళాయిని ఎందుకు మెచ్చుకుంటున్నానంటే అది భూమ్యాకర్షణతో పనిచేస్తుంది, దానికి కరెంటు అక్కర్లేదు.

కుళాయి కన్నా ముందు డబ్బు పెట్టాల్సింది లోపలి వాల్వ్ మీద. మా పాత కుళాయి పగిలినప్పుడు ఆ లైన్‌కి విడిగా వాల్వ్ లేకపోవడంతో ఇంటికంతా నీళ్లు ఆపాల్సి వచ్చింది, కాబట్టి కొత్తది బిగించినప్పుడే ఇదీ పెట్టించాను. పక్కన చిన్న డ్రెయిన్ మూత ఉండే రకం తీసుకోండి. చలి మొదలవగానే లోపలి వాల్వ్ కట్టేయాలి, బయటి కుళాయి తెరవాలి, తర్వాత కింద గిన్నె పెట్టి ఆ చిన్న మూత విప్పాలి, అక్కడి నుంచి గాలి లోపలికి వెళ్లి మధ్యలో ఉన్న నీళ్లన్నీ పోతాయి. ఈ వాల్వ్ మీద బాణం గుర్తు ఉంటుంది, నీళ్ల దారి అటు ఉండాలి. తిరగేసి బిగిస్తే డ్రెయిన్ మూత ఒత్తిడి ఉన్న వైపుకి వస్తుంది, మూత విప్పగానే మొహం మీదికి కొడుతుంది, బయటివైపు నీళ్లు మాత్రం అలాగే ఉంటాయి. చక్రం తిప్పితే లోపల పలక దిగి మూసుకునే పాత గేట్ వాల్వులు ఉన్న ఇళ్లలో ఇంకో చిక్కు, అవి పూర్తిగా మూసుకోవు. లోపల కట్టేసి అరగంట తర్వాత కూడా బయట చుక్కలు పడుతుంటే ఆ వాల్వ్ పట్టడం లేదని అర్థం, దాన్ని లోపల రంధ్రమున్న బంతి తిరిగి నీళ్లు ఆపే బాల్ వాల్వ్‌తో మార్చేయండి. బాల్ వాల్వ్ వేడి లేని షెడ్డులో ఉంటే, మొత్తం లైన్ ఖాళీ చేశాక దాన్ని సగం తెరిచి ఉంచాలి, లేకపోతే లోపలి బంతిలో ఇరుక్కున్న నీళ్లు గడ్డకట్టి వాల్వ్ ఒళ్లు పగులుతుంది.

ఇక వస్తువులో నచ్చనివి. నాది క్వార్టర్ టర్న్ రకం, పావు చుట్టు తిప్పితే చాలు, చేతికి గ్లౌజులున్నా తేలిగ్గా తిరుగుతుంది, ఎక్కువ బిగించి వాషర్ పాడుచేసే అవకాశం తక్కువ. కానీ టక్కున కట్టేస్తే లైన్‌లో ధబ్ మని కొట్టుకుంటుంది, మెల్లగా కట్టడం అలవాటు చేసుకోవాలి. ఫ్లాంజ్ స్క్రూలు నాసిరకం, తుప్పు మరకలు గోడ మీదికి కారాయి, స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేసుకున్నాను. పెట్టెలో వచ్చిన కాగితంలో హోస్ పైపు తీయాలన్న మాట చివరి వరుసలో చిన్న అక్షరాలతో ఉంది. ఇంత ముఖ్యమైన సంగతి హ్యాండిల్‌కి తగిలించిన ట్యాగ్ మీద ఉండాలి, నా ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. దీనికే ఒక స్టార్ తగ్గించి 5కి 4 ఇస్తున్నాను.

బిగించేటప్పుడు రాగి పైపుకి టంకం వేయిస్తుంటే ముందు స్పిండిల్ బయటికి తీయించండి, లేకపోతే వేడికి లోపలి వాషర్లు కరుగుతాయి, కొత్త కుళాయి మొదటి రోజే కారుతుంది. పెక్స్ చివరతో వచ్చే మోడల్ తీసుకుంటే ఈ బాధే లేదు. చివరగా, గోడకి బిగించకముందే కుళాయి ఒంటి మీద ఉన్న మోడల్ నంబర్, పొడవు కనబడేలా ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. వాషర్లు, వాక్యూమ్ బ్రేకర్ కిట్‌లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి, బిగించాక ఆ నంబర్ గోడలోకి పోతుంది, తర్వాత ఏ కిట్ కొనాలో తెలియక కుళాయి మొత్తం మార్చుకున్నవాళ్లున్నారు.